కింది ఇల్లు

భార్య మెట్లెక్కే చప్పుడు టైలరుకి కంఠతా వచ్చు. సంచీ బరువుతో ఎక్కితే ఒక రకం, ఉత్త చేతులతో ఎక్కితే ఒక రకం, ఎవరిమీదో కోపంతో ఎక్కితే ఇంకో రకం. ఆవేళ మధ్యాహ్నం మొదటి మలుపు దాకా మామూలుగానే వచ్చింది. రెండో మలుపు దగ్గర ఆగింది. అక్కడ అందరూ ఆగుతారు, ఊపిరి తీసుకుని మళ్ళీ నడుస్తారు. ఈవిడ ఎంతకీ కదల్లేదు.

టైలరు చేతిలో చొక్కా ఒళ్ళో పెట్టుకుని చెవులు రిక్కించాడు. సగం చుట్టిన బొత్తాం కాజాలో సూది అలాగే నిలబడి ఉంది.

చివరికి ఆమె లోపలికొచ్చి, కార్ఖానా నుంచి తెచ్చిన చొక్కాల మూట అతని కుర్చీ పక్కన దింపింది. చెప్పులు విప్పడం మర్చిపోయింది. గది మధ్యలో కాస్త తప్ప నడిచేందుకు చోటు లేదు. గిన్నెల మూటలు, పరుపుచుట్ట, పెట్టెలు, వాటి మధ్య దుప్పట్లో చుట్టి తాడుతో కట్టిన కుట్టుమిషను తల. కిటికీలకి తెరలు లేవు. రేపో మాపో ఇల్లు మారబోయే వాళ్ళ గది అది.

"ఏమైంది?" అన్నాడు.

"వద్దన్నార్ట."

"ఎవరు?" అన్నాడు, తెలిసే.

"ఎవరేమిటండీ, మన ఇల్లు కొంటామన్నవాళ్ళు. తాళాలాయన రోడ్డు మీద కనపడి చెప్పాడు. ఇంకెక్కడో చూసుకున్నార్ట."

తాళాలాయన అంటే బ్రోకరు. ఖాళీగా ఉన్న ఇళ్ళ తాళాలన్నీ ఆయన నడుముకి వేలాడే గుత్తిలో ఉంటాయి. మనిషికంటే ముందు ఆ చప్పుడొస్తుంది.

టైలరు మళ్ళీ సూది అందుకున్నాడు. కాజా అంచు వెంబడి దారం మెలితిప్పి లాగుతూ, ఒక్కో ముడినీ గోటితో నొక్కుతూ చివరిదాకా వెళ్ళాడు. చివర అడ్డకుట్టు వేశాడు. పళ్ళతో దారం కొరికాడు. ఏదో ఒకటి పూర్తి చెయ్యకుండా మాట్లాడితే నోట్లోంచి ఏం వస్తుందో అతనికి నమ్మకం లేదు.

"అడ్వాన్సు తీసుకోండి, అడ్వాన్సు తీసుకోండి అని నెత్తీనోరూ కొట్టుకున్నాను," అంది ఆమె, చెప్పులు చూసుకుని ఇప్పుడు విప్పుతూ. "విన్నారా? ముందు వాళ్ళకి ఇల్లు పూర్తిగా నచ్చనీ అన్నారు. చొక్కానా ఇది?"

 మిషను తొక్కినంత కాలం అతనిది ఒకటే పద్ధతి. కచ్చాకుట్టు వేసి, మనిషికి తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, ఒంటికి సరిపోయింది అని వాళ్ళ నోటితో వాళ్ళు అన్నాకే డబ్బు ముట్టుకునేవాడు. అందుకే అతని దగ్గరకి వచ్చినవాళ్ళు ఇంకో దుకాణం ఎక్కేవారు కాదు. ఆ పద్ధతే ఇంటికీ పట్టించాడు. "ఇంకోసారి వచ్చి చూసుకోండి, రెండుసార్లు చూసుకోండి, మీకు సరేనంటేనే డబ్బు మాట" అని, వాళ్ళు తీసిన పర్సు మళ్ళీ జేబులో పెట్టించాడు. వాళ్ళు వచ్చారు, చూశారు, చూసుకున్నారు. ఎక్కడా చెయ్యి కాలకుండా వెళ్ళిపోయారు. నోటికాడి ముద్దని తనే చేత్తో తోసేసినట్టయింది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు," అన్నాడు కాసేపటికి. "అమ్మి చూడు అని ఎందుకనలేదో."

ఆమె నవ్వలేదు. వంటగదిలోకి వెళ్తూ, నేల మీద సుద్దగీతల్ని తొక్కకుండా పక్కనించి దాటింది.

ఆ గీతలు అతను గీసినవే. ఇది అమ్మి తీసుకోవాలనుకున్న కింది ఇల్లు వీధి చివర ఉంది. అతను మెట్లు దిగడం ఆగిపోయాక కట్టింది కనుక కళ్ళతో చూడలేదు. భార్యే అతని టేపు తీసుకెళ్ళి కొలతలు తెచ్చింది. ముందు గది ఇంత, వీధిలోకి తెరుచుకునే తలుపు ఇంత, కిటికీ ఇంత. కుర్చీలోంచి నేల మీదకి దిగి, బట్టల మీద గీసే సుద్దతో ఆ గదిని ఈ గదిలో గీసుకున్నాడు. ఇక్కడ మిషను. కాలితో తొక్కడం ఇక అవదు కనుక దానికి మోటారు. ఇక్కడ కత్తిరించే బల్ల. ఇక్కడ అద్దం. ఇక్కడ తలుపు. తలుపవతల వీధి, మెట్లు లేకుండా, నేల మీద నేలలా ఉండే వీధి.

తుంటి ఎముక విరిగి, ఆపరేషనయ్యాక ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి ఈ మూడో అంతస్తుకి మోసుకొచ్చారు. ఆ కుర్చీలోనే ఇప్పటికీ ఉన్నాడు. చంకలో కర్ర పెట్టుకుని ఇంట్లో తిరుగుతాడు. బాత్రూముకి వెళ్తాడు, కిటికీ దాకా వెళ్తాడు. కిటికీలోంచి జనం నడినెత్తులు కనపడతాయి. భుజాలూ చేతులూ కాళ్ళూ చూసి బతికిన మనిషికి బట్టతలలు చూసి ఏం తెలుస్తుంది?

కింది ఇంటావిడకి కళ్ళజోడామె అని పేరు. ఆదివారం దాకా ఆగుతానంది. ఆ తర్వాత ఎవరో గోడౌనుకి అడుగుతున్నారు, వాళ్ళకి ఇచ్చేస్తానంది. ఆవిడ తప్పు కూడా ఏం లేదు.

మర్నాడు ఉదయం తాళాల చప్పుడు మెట్ల కింద మొదలై, ఆగి, మళ్ళీ మొదలై, చివరికి గుమ్మంలోకి వచ్చింది. తాళాలాయన గోడ పట్టుకుని నిలబడి, మాట రాక, చేత్తో మంచినీళ్ళన్నట్టు సైగ చేశాడు. భార్య గ్లాసు తెచ్చింది. ఆయన తాగి, ఒక పెట్టె మీద కూర్చుని, చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి బాబాయ్," అన్నాడు. "మన చేతిలో ఏముంది?"

"ఎందుకు వద్దన్నారు?" అన్నాడు టైలరు.

"ఏదోలెండి. మనుషులన్నాక మనసులు మారతాయి."

"నచ్చిందన్నారుగా. ఆవిడ వంటగది చూసి ఎంత సంతోషపడిందో నేను చూశాను. ఎందుకు వద్దన్నారు?"

తాళాలాయన భార్య వైపు చూశాడు. ఆమె పెట్టె మూత మీద దుమ్ము చేత్తో తుడుస్తోంది. దుమ్మేం లేదు అక్కడ.

"నిజం చెప్తే ఏమనుకోరుగా?"

"అనుకునేది ఎలాగూ అనుకుంటాను. చెప్పు."

"ఇల్లు నచ్చింది బాబాయ్. మీరు నచ్చలేదు." ఆయనే నవ్వి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "అంటే మీరని కాదు. ఆవిడ ఇంటికెళ్ళి ఏడ్చిందట. ఆ కుర్చీలో ఆయన, పక్కన ఆ కర్ర, ఆ ఇంట్లో ఉంటే రేపు మా ఆయన కూడా అలాగే అవుతాడేమో అందట. ఆ ముక్క తలకెక్కాక ఇంకేం వింటారు? మెట్లదేముంది బాబాయ్, ఎక్కేవాడికి ఎన్నయినా ఒకటే. మీరు ఎదురుగా కూర్చుంటే మాత్రం ఒక్కో మెట్టూ రెండుగా కనపడుతుంది."

టైలరు తన కర్ర వైపు చూసుకున్నాడు. చంక దగ్గర ఒత్తుకోకుండా దానికి తనే మెత్త కుట్టాడు. పాత కోటు గుడ్డ, లోపల దూది, చుట్టూ డబుల్ కుట్టు. చూసినవాళ్ళు మెచ్చుకోవాల్సిన పని అది.

"ఇంకో పార్టీ ఉంది," అన్నాడు తాళాలాయన గొంతు తగ్గించి. "భార్యాభర్తలు, పెద్దాయన ఒకాయన. తొందర్లో ఉన్నారు, శనివారం వస్తారు. ఈసారి మాత్రం... మీరు ఓ గంట ఎదురింట్లో కూర్చున్నారంటే చాలు. నర్సమ్మగారిని నేను అడుగుతాను. ఆ కర్ర కూడా తీసుకెళ్ళాలి. ఆయన ఊరెళ్ళారు అని పిన్నిగారు చెప్తారు. ఇల్లెలాగూ పిన్నిగారి పేరు మీదే కదా, మీతో పని లేదు."

టైలరు భార్య వైపు చూశాడు. ఆమె లేస్తుంది, తాళాలాయన చేతిలో గ్లాసు లాక్కుంటుంది, మా ఆయన్ని దాచుకోడానికి ఆయనేమన్నా దొంగసొత్తా అంటుంది. అలాంటి నోరు ఆమెది. ఇరవై ఇళ్ళవాళ్ళు నీళ్ళ పంపు దగ్గర ఆ నోటికి జడిసేవారు. అతను ఆ మాట కోసం ఎదురుచూశాడు.

"ఎన్నింటికొస్తారు?" అంది ఆమె.

తాళాలాయన సాయంత్రం అని చెప్పి, తేలిగ్గా ఊపిరి వదిలి, మెట్లు దిగిపోయాడు.

ఆ రోజంతా టైలరు కాజాలు చుట్టాడు. ఒక చొక్కాకి ఒక కాజా వంకర పోయింది. విప్పాడు. విప్పిన చోట గుడ్డ నలిగి పోగులు లేచాయి. కార్ఖానా వాళ్ళు దాన్ని వెనక్కి కొడతారని తెలిసి కూడా మూటలో వేసేశాడు.

దీపాలు పెట్టే వేళకి ఆమె కంచం తెచ్చి ముందు పెట్టింది.

"నన్ను ఎక్కడ దాస్తావు?" అన్నాడు. "నర్సమ్మ ఇంట్లో ఎందుకు, మన బీరువా ఉందిగా. మడతపెడితే సరిపోతాను. ఓ కాలు ఎలాగూ పొట్టిదే."

"తినండి."

"లేదా ఆ దుప్పట్లో చుట్టెయ్. మిషను తల పక్కన. ఎవరైనా అడిగితే రెండూ పాడైపోయాయి, పాత సామానుకి వేస్తున్నాం అని చెప్పు."

ఆమె కంచం ఎదురుగా కూలబడింది. చీర మోకాళ్ళ పైకి లాగింది. అతను చూసి చాలా కాలమైంది ఆ మోకాళ్ళని. రెండూ వాచి, చర్మం బిగిసి, మూట కట్టినట్టున్నాయి.

"చూడండి," అంది. "ఇవి ఎవరు చూస్తారు? మీరు విరిగి కూర్చున్నారు, అందరికీ కనపడుతుంది. నేను పొద్దున నీళ్ళకి దిగుతాను, చొక్కాలకి దిగుతాను, మందులకి దిగుతాను, మళ్ళీ చొక్కాలు ఇవ్వడానికి దిగుతాను. దిగిన ప్రతిసారీ ఎక్కుతాను. రెండో మలుపు దగ్గర కూర్చుని ఏడ్చి, మొహం తుడుచుకుని పైకొస్తాను. ఈ ఇల్లు అమ్ముడుపోతుందంటే మిమ్మల్ని బీరువాలో ఏమిటి, గోతాంలో పెట్టమన్నా పెడతాను. తిడితే తిట్టుకోండి."

అతను తిట్టలేదు. ఆమె అన్నదాంట్లో కుట్టు ఊడిన చోటు ఒక్కటి కూడా దొరకలేదు. తిట్టడానికి చోటు దొరకనప్పుడు మనిషికి ఎంత ఒంటరిగా ఉంటుందో అతనికి ఆ రాత్రి తెలిసింది.

శుక్రవారం ఆమె మూటలన్నీ ఒక గదిలోకి నెట్టింది. కిటికీలకి మళ్ళీ తెరలు కట్టింది. అమ్మే ఇల్లు కాపురం ఉన్న ఇల్లులా కనపడాలని తాళాలాయన చెప్పాడు. తర్వాత బకెట్టుతో నీళ్ళు తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టింది. సుద్దగీతల దగ్గరకి వచ్చి ఆగి, తల ఎత్తింది.

"తుడిచెయ్," అన్నాడు. "కొలతలు నాకు గుర్తే."

ఆమె తుడిచింది. బల్ల పోయింది, అద్దం పోయింది, తలుపు పోయింది. తడి ఆరాక నేల ఎప్పటిలాగే ఉంది.

శనివారం మధ్యాహ్నం పాలూ పంచదారా తేవడానికి ఆమె కిందికి వెళ్ళగానే టైలరు తెల్లచొక్కా తొడుక్కున్నాడు. ఎవరికీ కాకుండా తన కోసం కుట్టుకున్న చివరి చొక్కా అది. తల దువ్వుకున్నాడు. కర్ర ఊతంతో గుమ్మం దాకా వచ్చేసరికి ఎదురింటి నర్సమ్మ డ్యూటీ బట్టల్లో తలుపు తాళం వేస్తోంది.

"రండి అన్నయ్యగారూ," అంది మళ్ళీ తాళం తీస్తూ. "టీవీ పెట్టి వెళ్తాను. మీ ఇష్టం వచ్చింది చూస్తూ కూర్చోండి."

"వద్దమ్మా. నేను కిందికి దిగుతున్నాను."

నర్సమ్మ అతని కాలునీ మెట్లనీ చూసింది. "డాక్టరేం చెప్పాడు?"

"దాక్కోమని కూడా చెప్పలేదుగా."

నర్సమ్మ మళ్ళీ తలుపు తాళం వేసింది. సంచీ భుజానికి తగిలించుకుని, అతని కర్ర తను తీసుకుని, రెండు మెట్లు దిగి అతని వైపు తిరిగి నిలబడింది. "పడితే నా మీద పడండి. ఎలాగూ ఆస్పత్రికే వెళ్తున్నా."

అతను మెట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ వెనక ఆనించి, మంచి కాలు కింది మెట్టు మీద పెట్టి, ఒళ్ళు జార్చాడు. చెడ్డ కాలు వెనకాలే వచ్చింది, రానని మొండికేసే పిల్లాడిలా. మళ్ళీ చేతులు, మళ్ళీ కాలు, మళ్ళీ ఒళ్ళు. ప్యాంటు వెనకభాగం అరిగిపోతుందని ఒకసారి అనుకుని, అరగనీలే, మనమే కదా టైలరు అనుకున్నాడు. మొదటి మలుపు దగ్గర తుంటిలోంచి నొప్పి మెరుపులా తన్నింది. కళ్ళు మూసుకుని పెదవి కొరుక్కున్నాడు. నర్సమ్మ గడియారం చూసుకోలేదు. డ్యూటీకి ఆలస్యం అవుతోందని ఇద్దరికీ తెలుసు.

కింద వీధి తలుపు పక్కన సైకిలు రిపేరు చేసే అతను చక్రం నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తలెత్తి నోరు తెరిచాడు. "టైలరుగారూ! నేను ఇంకా మీరు..." అని, మిగతాది మింగేసి, తన స్టూలు తెచ్చి వేశాడు. పోయాడనుకున్నాడన్నమాట. టైలరుకి కోపం రాలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. నర్సమ్మ కర్ర దానికి ఆనించి డ్యూటీకి వెళ్ళిపోయింది. అతను గోడకి వీపు ఆనించి, వీధి చూశాడు.

మనుషులకి మళ్ళీ భుజాలొచ్చాయి. ఒకడి కుడి భుజం జారి ఉంది, రోజూ బరువు మోసే భుజం. ఒకావిడ జాకెట్టు చంక దగ్గర పట్టేసింది, ఎవడో తొందరపడి కత్తిరించాడు. ఒకతని కాలరు తిప్పి కుట్టించుకోవాలి, ఇంకో ఏడాది వస్తుంది. చూస్తూ ఉంటే టైలరు వేళ్ళు వాటంతటవే కదిలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత దగ్గరగా ఉన్నదాన్ని ఇన్నాళ్ళూ పైనించి చూశాడు.

భార్య పాలతో వచ్చి, వీధిలోనే నిలబడిపోయింది.

"దిగారా?" అంది. తర్వాత, "ఎలా దిగారు?" అంది. తర్వాత, "ఎక్కడం ఎలా?" అంది.

"నువ్వు అమ్మెయ్. ఎక్కే పనే ఉండదు."

ఆమె వంగి అతని ప్యాంటు దుమ్ము దులిపింది. కాలరు సరిచేసింది. గబగబా పైకి వెళ్ళిపోయింది. రెండో మలుపు దగ్గర ఆగలేదు.

వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. తాళాలాయన ముందు, వెనక కుర్ర మొగుడూ పెళ్ళాలు, వాళ్ళ వెనక కాస్త దూరంలో పెద్దాయన. తాళాలాయన టైలరుని చూసి ఒక్కక్షణం బిగుసుకుపోయి, వెంటనే ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు మొహం తిప్పుకున్నాడు. టైలరు కూడా ఆయన్ని ఎరగనట్టే ఊరుకున్నాడు. కర్ర మాత్రం స్టూలుకి ఆనించి ఉంది. చెయ్యి వెనక్కి పెట్టి దాన్ని మెల్లిగా తలుపు వెనక్కి జరిపాడు. ఎవరూ చెప్పకుండానే జరిపాడు.

"నాన్నా, మెల్లిగా రా," అంది అమ్మాయి. "నువ్వు చూసి సరే అంటేనే తీసుకుంటాం."

"మీరు పదండి. నేను ఊపిరి తీసుకుని వస్తాను."

తాళాల చప్పుడు పైకి వెళ్ళిపోయింది. పెద్దాయన తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు. మనిషి శుభ్రంగా ఉన్నాడు, బట్టలు ఇస్త్రీవి. టైలరు చూపు అలవాటుగా కిందికి జారింది. ప్యాంటు కుడి మడత బాగానే ఉంది. ఎడమ మడత లోపలివైపు అరిగి పోగులు లేచాయి. అంటే ఆ కాలు ఎత్తి వెయ్యడం లేదు, ఈడుస్తున్నాడు. ఎముక విరగడానికి ముందు తన ప్యాంటు కూడా సరిగ్గా అక్కడే అరిగేది. అరిగిన ప్రతిసారీ మడత విప్పి కొత్తగా కుట్టుకున్నాడే కానీ, ఎందుకు అరుగుతోందని ఆలోచించలేదు.

"మీరు ఈ చుట్టుపక్కలే ఉంటారా?" అన్నాడు పెద్దాయన.

"అవునండీ. టైలర్ని."

"అలాగా. చాలాకాలంగానా?"

"చాలాకాలంగా."

"అయితే మిమ్మల్నే అడగాలి." పెద్దాయన కాస్త వంగాడు. "ఆ మూడో అంతస్తు ఇల్లు ఎలాంటిది? బ్రోకరు చెప్పేది నమ్మలేం. అమ్మేవాళ్ళు సరేసరి, వాళ్ళ కాకి పిల్ల వాళ్ళకి ముద్దు. మీకైతే అబద్ధం చెప్పాల్సిన పని లేదు."

"మంచి ఇల్లండీ," అన్నాడు టైలరు. అది నిజం. "పొద్దున్న వెలుతురు కిటికీలోంచి నేరుగా పడుతుంది. దీపం లేకుండా సూదిలో దారం ఎక్కించవచ్చు. గాలికి లోటు లేదు. ఎదురింటావిడ దేవతలాంటి మనిషి."

"మెట్లు?"

టైలరు వీధి చివరకి చూశాడు. అక్కడ ఓ చిన్న ఇల్లు, వీధిలోకి తెరుచుకునే తలుపు. భార్య తెచ్చిన కొలతల్లోంచి తప్ప అతను చూడని ఇల్లు, ఇప్పుడు మొదటిసారి కళ్ళకి కనపడుతోంది. తలుపు రంగు నీలం. ఆమె ఆ సంగతి చెప్పలేదు. రేపు ఆదివారం.

"మా అమ్మాయి నా మాట వింటుంది," అన్నాడు పెద్దాయన, ఎడమ తొడ చేత్తో రుద్దుకుంటూ. "నేను వద్దంటే మానేస్తుంది. కానీ పిల్లలు ఎన్ని ఇళ్ళని చూస్తారు, నా ఒక్కడి కోసం? అందుకని అడుగుతున్నా. నాలాంటివాడు ఎక్కగలడంటారా?"

ఒక్క మాట చాలు. మీ ప్యాంటు మడత చూసుకోండి అంటే చాలు. తలుపు వెనక కర్ర తీసి చూపిస్తే ఆ మాట కూడా అక్కర్లేదు.  వాచిన రెండు మోకాళ్ళు గుర్తొచ్చాయి. తడిసి చెరిగిపోయిన గీతలు గుర్తొచ్చాయి.

"మొదట్లో కాస్త కష్టంగా ఉంటుంది," అన్నాడు. "తర్వాత అలవాటైపోతాయి."

"అంతేనంటారా?"

"అంతేనండీ."

పెద్దాయన మొహం విచ్చుకుంది. అతని భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి నొక్కి, మెట్ల కడ్డీ పట్టుకున్నాడు. మంచి కాలు, తర్వాత ఈడ్చే కాలు. మంచి కాలు, తర్వాత ఈడ్చే కాలు. టైలరు తల తిప్పలేదు, వింటూనే ఉన్నాడు. మొదటి మలుపు. రెండో మలుపు. అక్కడ చప్పుడు ఆగింది. సైకిలు అతను చక్రం బిగించి, గాలి కొట్టి, ఇంకొకరికి బోల్టు బిగించి ఇచ్చేదాకా ఆగే ఉంది. తర్వాత మళ్ళీ మొదలైంది.

కాసేపటికి పైనించి పిలుపు వినపడింది.

"టైలరుగారూ!"

అతను తలెత్తాడు. తన కిటికీలో, రోజూ తను నిలబడే చోట, పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చువ్వని పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతున్నాడు. మొహం ఎర్రబడింది.

"గాలి బాగుందండీ! మీరన్నట్టే!"

టైలరు చెయ్యి ఎత్తి ఊపాడు. దించడం మర్చిపోయి అలాగే ఉంచాడు.

భార్య చెప్పుల్లేకుండా దిగి వచ్చింది. అతని పక్కన వంగి, ఊపిరి బిగబట్టి, గుసగుసగా చెప్పింది. "అడ్వాన్సు ఇచ్చారు. తీసేసుకున్నాను. ఈసారి మిమ్మల్ని అడగలేదు."

"మంచి పని చేశావు."

"రేపు పొద్దున్నే కళ్ళజోడామె దగ్గరకి వెళ్తాను. ఆ పెద్దాయనే ఒప్పించాడండీ. అమ్మాయి ఇంకా ఆలోచిస్తుంటే, ఆయనే తీసుకోమన్నాడు. కింద ఎవరో చెప్పార్ట, మెట్లు అలవాటైపోతాయని..."

ఆమె ఆగింది. స్టూలు చూసింది. కర్ర లేని గోడ చూసింది. తలుపు వెనక్కి చూసి, చూపు మళ్ళించుకుంది. ఆమె ముఖంలోంచి సంతోషం పూర్తిగా పోలేదు, కానీ ఎక్కడ నిలవాలో తెలియక ఇబ్బందిపడింది. మొన్న తాళాలాయన ముందు ఆమె అనకుండా ఊరుకున్న మాట లాంటిదే ఏదో ఇద్దరి మధ్యా నిలబడింది. ఈసారి దాన్ని అనకుండా ఊరుకున్నది కూడా ఆమే.

"చీకటి పడకముందే పైకి వెళ్దాం," అంది చివరికి. "సైకిలతన్ని ఓ చెయ్యి వెయ్యమంటాను."

"ఆయన దిగనీ," అన్నాడు టైలరు.

మెట్ల మీద తాళాల చప్పుడూ కుర్రవాళ్ళ మాటలూ ముందు వచ్చేశాయి. అమ్మాయి కింద ఆగి పైకి చూస్తూ, "నాన్న కాస్త నెమ్మదిగా వస్తానన్నారు. ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉందట, కొత్త కదా," అంది ఎవరితోనో అన్నట్టు. టైలరు భార్య అవునన్నట్టు తల ఊపింది. అందరూ నిలబడ్డారు. లోపల, ఎక్కడో పైన, ఒక కాలు మెట్టు మీద పడింది. రెండోది వచ్చి అదే మెట్టు మీద చేరింది. ఆగింది. మళ్ళీ ఒక కాలు. టైలరూ భార్యా నేల చూస్తూ విన్నారు.

పెద్దాయన వెలుతురులోకి వచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నవ్వుతూనే ఉన్నాడు.

"మీరన్నది నిజమేనండీ," అన్నాడు టైలరుతో. "అలవాటు కావాలి, అంతే. ఇక్కడికి వచ్చాక నా బట్టలన్నీ మీకే. మీ ఇల్లెక్కడ?"

టైలరు చెయ్యి ఎత్తి వీధి చివరకి చూపించాడు. "అదిగోనండీ. ఆ నీలం తలుపు."

పెద్దాయన కళ్ళు చికిలించి చూశాడు. "కింది ఇల్లేనన్నమాట."

"కింది ఇల్లేనండీ."

"అదృష్టవంతులు," అన్నాడు పెద్దాయన మనస్ఫూర్తిగా. కూతురి చెయ్యి పట్టుకుని, ఎడమ కాలు ఈడుస్తూ బయల్దేరాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి మళ్ళీ చెయ్యి ఊపాడు.

వాళ్ళు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా టైలరు తలుపు వెనకనించి కర్ర తియ్యలేదు.